నాన్నగారి 2012 మ్యాక్‌బుక్‌లో సొనోమా: ప్రాజెక్టు డైరీ

డిసెంబర్ 22, 2024, ఆదివారం

కంటి పరీక్షకని హైదరాబాద్ వచ్చిన నాన్నగారు, భీమవరం రైలెక్కే ముందు లాప్‌టాప్ సంచి నా చేతికిచ్చారు. "పద్యాలన్నీ ఇందులోనే ఉన్నాయమ్మా. పండక్కొచ్చేటప్పుడు తీసుకురా, తొందరేం లేదు" అన్నారు. తొందర లేదని ఆయన నోటితో అన్నారంటే అది లేక చాలా ఇబ్బంది పడుతున్నారని నాకు తెలుసు.

2012లో అన్నయ్య అమెరికా నుంచి తెచ్చిన మ్యాక్‌బుక్ ప్రో ఇది. 13 అంగుళాల తెర, అడుగున ఏ1278 అన్న అక్షరాలు. ఇంటెల్ ఐ5, ఐవీ బ్రిడ్జ్ తరం, 2.5 గిగాహెర్ట్జ్. 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. గ్రాఫిక్స్‌కి విడిగా చిప్ లేదు, ప్రాసెసర్‌లోనే ఉన్న ఇంటెల్ హెచ్‌డీ 4000. డీవీడీ డ్రైవ్ ఉంది, పక్కన లాన్ కేబుల్ పెట్టుకునే పోర్టు కూడా ఉంది.

నాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు. పన్నెండేళ్లుగా పౌరాణిక నాటక పద్యాలు సేకరిస్తున్నారు. ఆపిల్ రాత యాప్ పేజెస్‌లో ముందు పద్యం, దాని కింద ప్రతిపదార్థం, ఆ కింద ఏ ఊళ్లో ఎవరు పాడగా విన్నారు, ఏ రాగంలో పాడారు. నాలుగు వందల పేజీలు దాటింది.

ఆపిల్ కంప్యూటర్లను నడిపే సిస్టమ్ మ్యాక్‌ఓఎస్. ఈ మోడల్‌కి అధికారికంగా వచ్చిన దాని చివరి వెర్షన్ కాటలినా, 2019ది. 2020లో వచ్చిన బిగ్ సర్ నుంచి 2012 లాప్‌టాప్‌లను పక్కన పెట్టారు. కాటలినాకి భద్రతా అప్‌డేట్లు 2022 జులైతో ఆగిపోయాయి. క్రోమ్ కూడా 128వ వెర్షన్‌తో కాటలినాను వదిలేసింది. ఇవన్నీ నాన్నగారు సర్దుకున్నారు. కానీ పోయిన ఏడాది అన్నయ్య కొత్త ఐఫోన్ ఇచ్చాడు. ప్రయాణంలో ఫోన్‌లో ఒక పద్యం దిద్దారు, అంతే. ఆ ఫైలు లాప్‌టాప్‌లో తెరుచుకోలేదు, కొత్త పేజెస్ కావాలంది. కొత్త పేజెస్‌కి కొత్త మ్యాక్‌ఓఎస్ కావాలి. అప్పట్నుంచి ఆయన నోటుబుక్కులో చేత్తో రాస్తున్నారు. సంచిలో ఆ నోటుబుక్కు కూడా ఉంది, సగం నిండిపోయింది.

లినక్స్ అనే ఉచిత సిస్టమ్ పెట్టేయొచ్చు కదా అని ముందు అదే ఆలోచించాను. ఈ యంత్రం మీద లినక్స్ హాయిగా నడుస్తుంది. కానీ పేజెస్ ఫైళ్లు అందులో సరిగ్గా తెరుచుకోవు, ఫోన్‌తో కలిసి నడవదు. అన్నిటికంటే ముఖ్యం, పన్నెండేళ్లుగా ఆయన వేళ్లు ఆపిల్ తెలుగు క్వర్టీ కీబోర్డుకి అలవాటు పడ్డాయి. వత్తు ఎక్కడ పడుతుందో ఆయన చూడక్కర్లేదు, చేయి అక్కడికే వెళ్తుంది. 71 ఏళ్ల వయసులో ఆ అలవాటును చెరపడం నాకు ఇష్టం లేదు.

అందుకని ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్. ఆపిల్ వదిలేసిన మ్యాక్‌ల మీద సొనోమా లాంటి కొత్త మ్యాక్‌ఓఎస్ పెట్టనిచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. గడువు భోగి.

డిసెంబర్ 28, శనివారం

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను దొరికే సీటీసీకి వెళ్లి సామాను తెచ్చాను. 480 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ బదులు పెట్టే వేగమైన డిస్కు), 8 జీబీ డీడీఆర్3 1600 ర్యామ్ రెండు, ఎస్‌ఎస్‌డీని బయటి నుంచి యూఎస్‌బీకి తగిలించుకునే కేసు ఒకటి, 32 జీబీ పెన్‌డ్రైవ్. ఈ మోడల్‌కి ర్యామ్ 8 జీబీ వరకే అని ఆపిల్ చెప్పింది కానీ 16 జీబీ చక్కగా పనిచేస్తుంది. మొత్తం ఖర్చు ఆరు వేల లోపే.

ఈ మోడల్‌ని విప్పడం తేలిక. అడుగున పది స్క్రూలు, ఫిలిప్స్ 00 స్క్రూడ్రైవర్ చాలు. పదింటిలో మూడు పొడవైనవి, అవి ఎక్కడివో గుర్తుండాలి. నేను అట్టముక్క మీద లాప్‌టాప్ ఆకారం గీసుకుని, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకున్నాను. మూత తీయగానే ఫ్యాన్ చుట్టూ దుమ్ము బూడిద రంగు దూదిలా పేరుకుని ఉంది. ముందు బ్యాటరీ కనెక్టర్ పైకి లేపి, తర్వాత మెత్తని కుంచెతో దులిపాను. పాత ర్యామ్ తీసి కొత్తవి పెట్టాను. మూత బిగించి ఆన్ చేస్తే 16 జీబీ చూపించింది. పాత హార్డ్‌డిస్క్ మీదే కాటలినా లేవడానికి ఇంకా మూడు నిమిషాలు పడుతోంది.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకున్నాను. పాత హార్డ్‌డిస్క్‌లో ఏమీ మార్చను. కాటలినా, పద్యాలు, ఫోటోలు అన్నీ ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. కొత్త ప్రయోగమంతా కొత్త ఎస్‌ఎస్‌డీ మీదే. ఏం జరిగినా పాత డిస్కు తిరిగి పెట్టేస్తే నాన్నగారి ప్రపంచం ఉన్నచోటే ఉంటుంది. ఇలాంటి పనికి దిగే ఎవరికైనా నేను మొదట చెప్పే మాట ఇదే.

డిసెంబర్ 29, ఆదివారం

ఓపెన్‌కోర్ ఏం చేస్తుందో ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, రేపు ఏదైనా చెడిపోతే ఎక్కడ వెతకాలో తెలియాలి కాబట్టి.

ఓపెన్‌కోర్ ఒక బూట్‌లోడర్. పవర్ బటన్ నొక్కాక మ్యాక్‌ఓఎస్ కంటే ముందు లేస్తుంది. మామూలుగా కొత్త మ్యాక్‌ఓఎస్ మదర్‌బోర్డు గుర్తింపు చూసి, తన జాబితాలో లేకపోతే ముందుకు పోనివ్వదు. ఓపెన్‌కోర్ ఆ తనిఖీని దాటిస్తుంది. డిస్కు మీద ఉన్న మ్యాక్‌ఓఎస్ ఫైళ్లను ఇది ముట్టుకోదు, మెమరీలోకి వచ్చాక కావలసిన చోట సవరిస్తుంది. అప్‌డేట్ల కోసం ఇంకో ఉపాయం ఉంది. తను వర్చువల్ మెషీన్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఉత్తుత్తి కంప్యూటర్‌లో, నడుస్తున్నానని మ్యాక్‌ఓఎస్ అనుకునేలా ఒక గుర్తు పెడుతుంది. వర్చువల్ మెషీన్ దగ్గర మోడల్ పట్టింపు ఉండదు, అందుకే అప్‌డేట్లు సెట్టింగ్స్‌లో మామూలుగా కనిపిస్తాయి. ఇది నిజమైన ఆపిల్ యంత్రమే, దాని సీరియల్ నంబరు దానికే ఉంది. అందువల్ల వేరే కంపెనీ కంప్యూటర్‌లో మ్యాక్‌ఓఎస్ నడిపేవాళ్లకు ఐక్లౌడ్ దగ్గర వచ్చే చిక్కులు ఇక్కడ లేవు.

ఏ వెర్షన్ పెట్టాలి? ఈ 2024 డిసెంబర్ నాటికి తాజాది సెకోయా, 15. దాన్నీ పెట్టొచ్చు. కానీ వెర్షన్ పెరిగేకొద్దీ హెచ్‌డీ 4000 కోసం తిరిగి అతికించాల్సిన పాత డ్రైవర్ ముక్కలు పెరుగుతున్నాయి. ఆపిల్ అలవాటుగా తాజా మూడు వెర్షన్లకు భద్రతా అప్‌డేట్లు ఇస్తోంది. సొనోమా, 14, మధ్యలో ఉంది. కొత్త పేజెస్ నడుస్తుంది, ఇంకో ఏడాదిన్నర అప్‌డేట్లు ఆశించొచ్చు. నాన్నగారికి ఇంతకంటే అక్కర్లేదు. సొనోమా ఖాయం చేశాను.

కాటలినాలోనే ప్యాచర్ నడిపి సొనోమా 14.7.2 దించుకున్నాను. దాదాపు 13 జీబీ. దిగుతున్నంతసేపూ ఈ పాత ప్రాసెసర్ మీద సొనోమా అసలెలా నడుస్తోందో చదువుతూ కూర్చున్నాను. ఈ పనిలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్న సంగతి అక్కడ దొరికింది.

ఐవీ బ్రిడ్జ్ ప్రాసెసర్‌కి ఏవీఎక్స్2 అనే ఆదేశాలు తెలియవు. అవి దాని తర్వాతి తరం హాస్‌వెల్‌తో, 2013లో వచ్చాయి. వెంచురా, అంటే 13వ వెర్షన్ నుంచి, ఇంటెల్ మ్యాక్‌ల కోసం తయారుచేసిన సిస్టమ్ లైబ్రరీల మూటలో ఏవీఎక్స్2 తప్పనిసరి అయింది. అంటే పాత ప్రాసెసర్లకు దారి మూసుకుపోయినట్టే. కానీ అదే సమయంలో ఆపిల్ సొంత ప్రాసెసర్లున్న ఎం1, ఎం2 మ్యాక్‌లలో ఇంటెల్ సాఫ్ట్‌వేర్‌ని నడిపించే రొజెట్టా ఉంది. ఆ రొజెట్టాకి అప్పట్లో ఏవీఎక్స్2 తెలియదు. కాబట్టి దాని కోసం ఏవీఎక్స్2 లేని ఇంటెల్ లైబ్రరీల మూట ఇంకోటి ఉంచాల్సి వచ్చింది. ప్యాచర్ ఇన్‌స్టాల్ సమయంలో సరిగ్గా ఆ మూటనే ఎంచుకునేలా చేస్తుంది. సరికొత్త యంత్రాల కోసం కట్టిన మూటే పన్నెండేళ్ల నాటి యంత్రానికి ప్రాణం పోస్తోంది. ఈ దారిని కనిపెట్టినవాళ్లు దాన్ని ఉచితంగా, కోడ్‌తో సహా అందరికీ ఇచ్చారు. చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

సాయంత్రానికి పెన్‌డ్రైవ్ సిద్ధం. దాని మీద ఓపెన్‌కోర్ కూడా ఎక్కించాను. పాత డిస్కు తీసి, దాని పక్కలనున్న నాలుగు టీ6 మేకుల్లాంటి స్క్రూలను ఎస్‌ఎస్‌డీకి మార్చి, లోపల పెట్టి మూత బిగించాను. ఆప్షన్ కీ నొక్కిపట్టి ఆన్ చేస్తే తెర మీద ఈఎఫ్ఐ బూట్ అని కొత్త బొమ్మ కనిపించింది. అది ఎంచుకుంటే ఓపెన్‌కోర్ మెనూ వచ్చింది, అందులోంచి సొనోమా ఇన్‌స్టాలర్. డిస్క్ యుటిలిటీలో ఎస్‌ఎస్‌డీని చెరిపి ఆపిల్ ఫైల్ పద్ధతి ఏపీఎఫ్ఎస్‌కి మార్చాను. ఇన్‌స్టాల్ మొదలైంది.

బార్ మూడో వంతు దగ్గర ఆగింది. నలభై నిమిషాలు చూశాను, కదల్లేదు. ఆపి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఇంకా ముందే ఆగింది.

జనవరి 1, 2025, బుధవారం

సెలవు. ఉదయం నుంచీ ఇదే పని.

ముందు అనుమానం ప్యాచర్ మీదకే పోయింది. అధికారికంగా చెల్లని పని చేస్తున్నప్పుడు ఏది చెడినా నేరం దాని మీదే వేస్తాం. కాబట్టి పెన్‌డ్రైవ్ మళ్లీ మొదట్నుంచీ తయారుచేశాను. అదే చోట ఆగింది. ప్యాచర్ సెట్టింగ్స్‌లో వెర్బోస్ ఆన్ చేశాను. అప్పుడు ఆపిల్ గుర్తు బదులు నల్ల తెర మీద తెల్ల అక్షరాల వరసలు పరుగెడతాయి. మూడోసారి ఆగినప్పుడు చివరి వరసలు ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చూశాను. డిస్క్0, ఐ/ఓ ఎర్రర్. మళ్లీ డిస్క్0, ఐ/ఓ ఎర్రర్. అంటే డిస్కు మీద రాయడంలోనో చదవడంలోనో తప్పు, గొడవ డిస్కు దగ్గర.

కొత్త ఎస్‌ఎస్‌డీనే పాడైందా? దాన్ని తీసి యూఎస్‌బీ కేసులో పెట్టి ఇంకో కంప్యూటర్‌కి తగిలించి 20 జీబీ రాసి, తిరిగి చదివాను. ఒక్క తప్పు లేదు. పాత హార్డ్‌డిస్క్‌ని లాప్‌టాప్‌లో పెట్టాను. కాటలినా మామూలుగా లేచింది. అంటే లోపలి కేబుల్ బాగానే ఉంది అనుకున్నాను. ఆ ఒక్క తీర్మానం వల్ల నాకు మూడు గంటలు పోయాయి.

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి సిస్టమ్ ఇన్‌ఫర్మేషన్‌లో సాటా పేజీ, అంటే డిస్కు కనెక్షన్ వివరాలు, తెరిచాను. అక్కడ రెండు వరసలు ఉన్నాయి. లింక్ వేగం 6 గిగాబిట్. కుదిరిన వేగం 3 గిగాబిట్. పాత హార్డ్‌డిస్క్ 3 గిగాబిట్ రకం, అందుకే ఆ వేగానికే కుదిరింది. ఎస్‌ఎస్‌డీ 6 గిగాబిట్‌ది. అరిగిపోయిన కేబుల్ నెమ్మదిగా పోయే సిగ్నల్‌ని మోయగలదు, రెట్టింపు వేగాన్ని మోయలేదు. పాత డిస్కుతో బాగుండి కొత్త డిస్కుతో తప్పులు రావడానికి కారణం అదన్నమాట.

మూత మళ్లీ తీశాను. హార్డ్‌డిస్క్ నుంచి మదర్‌బోర్డుకి వెళ్లేది మామూలు తీగ కాదు, కాగితమంత పలచని నల్ల పట్టీ. లాప్‌టాప్ ముందు అంచు దగ్గర మడత తిరిగి, అల్యూమినియం మీద పరుచుకుని వెళ్తుంది. టార్చి వేసి ఏటవాలుగా చూస్తే మడత దగ్గర నలుపు పోయి సన్నగా రాగి రంగు మెరుస్తోంది. పన్నెండేళ్లు సంచిలో తిరిగి, బల్ల మీద చేతుల బరువు మోసి అలా అయింది. ప్యాచర్‌కీ సొనోమాకీ దీంతో ఏ సంబంధమూ లేదు.

కేబుల్ ఆర్డర్ పెట్టాను.

జనవరి 4, శనివారం

కేబుల్ నిన్న వచ్చింది. ఇలాంటి లాప్‌టాప్ ఉన్నవాళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తాను.

పాత పట్టీ అడుగున జిగురుతో అతుక్కుని ఉంటుంది. గోరుతో లాగితే చిరుగుతుంది. పాత సిమ్ కార్డు ఒకటి అడుగుకి దూర్చి, కొద్దికొద్దిగా జరుపుతూ లేపాను. దాని కొసన రిమోట్ సెన్సరు, ముందువైపు వెలిగే చిన్న తెల్ల దీపం కూడా ఉంటాయి, వాటిని పట్టే బ్రాకెట్ స్క్రూలు చాలా చిన్నవి. కొత్త పట్టీ పెట్టే ముందు, అది అల్యూమినియాన్ని తాకే చోటంతా పసుపు రంగు క్యాప్టన్ టేపు రెండు పొరలు అంటించాను. మడత దగ్గర వేలితో గట్టిగా నొక్కలేదు, గుండ్రంగా తిరిగేలా వదిలాను. మదర్‌బోర్డు వైపు కనెక్టర్ నిలువుగా నొక్కితే చిన్నగా టిక్కుమంటుంది. ఆ చప్పుడు వినేదాకా ఆగాలి.

ఎస్‌ఎస్‌డీ పెట్టి ఇన్‌స్టాల్ మొదలుపెట్టాను. బార్ మూడో వంతు దాటింది. సగం దాటింది. మూడుసార్లు తనంతట తను రీస్టార్ట్ అయింది. గంటంబావు తర్వాత దేశం పేరు అడిగే తెర వచ్చింది. ఇండియా అని ఎంచుకున్నప్పుడు నా చెయ్యి కొంచెం వణికిందని ఒప్పుకుంటాను.

డెస్క్‌టాప్ వచ్చింది. అయితే ఈ స్థితిలో సొనోమాని మొదటిసారి చూసేవాళ్లు గుండె జారవిడుచుకోకూడదు. పైన మెనూ బార్ మురికి బూడిద రంగులో ఉంది. విండోని లాగితే ముక్కలు ముక్కలుగా వెనకాలే వస్తోంది. తెర వెలుతురు తగ్గించే కీలు పనిచేయడం లేదు. వైఫై గుర్తు మీద గీత. ఈ మ్యాక్ గురించి అని తెరిస్తే హెచ్‌డీ 4000 ఎదురుగా గ్రాఫిక్స్ మెమరీ 7 ఎంబీ అని ఉంది.

ఇదంతా ముందే ఊహించినదే. హెచ్‌డీ 4000 డ్రైవర్లను 2021లో మాంటెరీ నుంచే తీసేశారు. ఈ లాప్‌టాప్‌లోని బ్రాడ్‌కామ్ వైఫై కార్డుకి డ్రైవర్ సొనోమాలో పోయింది. ఓపెన్‌కోర్ లేపడం వరకే చూస్తుంది. పోయిన డ్రైవర్లను తిరిగి సిస్టమ్‌లో అతికించడం రెండో అడుగు, రేపు.

జనవరి 5, ఆదివారం

ముందుగా ఓపెన్‌కోర్‌ని పెన్‌డ్రైవ్ నుంచి ఎస్‌ఎస్‌డీలోని ఈఎఫ్ఐ భాగానికి (లాప్‌టాప్ లేవగానే ముందు చూసే చిన్న భాగం) ఎక్కించాను. ఇక పెన్‌డ్రైవ్ లేకుండానే లేస్తుంది.

తర్వాత రూట్ ప్యాచ్, అంటే పోయిన డ్రైవర్లను తిరిగి అతికించడం. దీనికి ఇంటర్నెట్ కావాలి, వైఫై లేదు. ఇక్కడ పక్కనున్న లాన్ పోర్టు ఆదుకుంది. రౌటర్ నుంచి కేబుల్ తెచ్చి గుచ్చగానే నెట్ వచ్చేసింది. ఇప్పటి పలచని లాప్‌టాప్‌లలో ఈ పోర్టు ఉండదు. 2012 వాళ్లు పెట్టి ఉంచిన మంచి వస్తువుల్లో ఇదొకటి.

ప్యాచర్ దించుకునే పెద్ద ఫైలు కెర్నల్ డీబగ్ కిట్. ఆపిల్ దాన్ని డెవలపర్ల కోసం విడుదల చేస్తుంది. దానితో మనకేం పని? వెంచురా నుంచి సిస్టమ్ డ్రైవర్ల అసలు ఫైళ్లు డిస్కు మీద విడివిడిగా ఉండటం లేదు, అన్నీ కలిపి కట్టిన ఒకే ముద్దలో ఉంటాయి. ఆ ముద్దలోకి పాత డ్రైవర్‌ని చేర్చాలంటే ముద్దను మళ్లీ కట్టాలి, కట్టడానికి విడి ఫైళ్లు కావాలి. అవి ఆ కిట్‌లో ఉంటాయి. సొనోమా ఏ బిల్డ్ అయితే సరిగ్గా ఆ బిల్డ్‌కి సరిపోయే కిట్ ఉండాలి. ప్యాచర్ తనే చూసుకుని తెచ్చుకుంది.

పది నిమిషాల్లో పని అయిపోయింది, రీస్టార్ట్. ఆపిల్ గుర్తు కింద బార్ నిండుతుండగానే తెర ఒక్క క్షణం నల్లబడి, మళ్లీ వెలిగినప్పుడు రంగులు నిండుగా కనిపించాయి. మెనూ బార్ వెనకాల బొమ్మ పలచగా కనబడుతోంది. వైఫై విసనకర్ర నిండింది. వెలుతురు కీ నొక్కితే తెర మెత్తగా మసకబారింది. 7 ఎంబీ ఉన్నచోట 1536 ఎంబీ.

ఇందుకు చెల్లించిన మూల్యం గురించి కూడా నిజాయితీగా రాయాలి. బిగ్ సర్ నుంచి మ్యాక్‌ఓఎస్ సిస్టమ్ భాగానికి ఒక సీలు ఉంటుంది. ఎవరూ ముట్టుకోలేదని ప్రతిసారీ తనిఖీ చేసే సీలు అది. రూట్ ప్యాచ్ వేస్తే ఆ సీలు తెగుతుంది. సిస్టమ్ ఫైళ్లను కాపాడే ఎస్ఐపీ అనే రక్షణను కూడా కొంత సడలించాల్సి వస్తుంది. అధికారికంగా సొనోమా నడిచే మ్యాక్‌కి ఉన్నంత భద్రత దీనికి లేదు. అప్‌డేట్లు ఆగిపోయిన కాటలినా కంటే ఇదే మేలని నా అభిప్రాయం. అయినా దీని మీద బ్యాంకు పనులు వద్దని నాన్నగారికి చెప్తాను. ఆయన అవి ఎలాగూ ఫోన్‌లోనే చేస్తారు.

ఇంకొన్ని అసలు రావు. ఐఫోన్ తెరని మ్యాక్ మీద చూపించే సదుపాయం సెకోయాలోది, పైగా దానికి ఆపిల్ భద్రతా చిప్ టీ2 గానీ ఆపిల్ సొంత ప్రాసెసర్ గానీ ఉండాలి. వాటి కోసం ఆశపడి ఈ పనికి దిగొద్దు.

జనవరి 8, బుధవారం

మూడు రోజులుగా ఆఫీసు నుంచి వచ్చాక దీన్నే వాడుతున్నాను. లేవడానికి 35 సెకన్లు. నిద్రపుచ్చి లేపితే వైఫై తిరిగి వస్తోంది. వీడియో కాల్‌లో ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది, కాల్ మాత్రం తెగడం లేదు. పాత డిస్కుని యూఎస్‌బీ కేసులో పెట్టి పద్యాల ఫోల్డర్ కాపీ చేసి, ఫైళ్ల లెక్క రెండు వైపులా సరిచూశాను.

జనవరి 12, ఆదివారం, భీమవరం

ఇంటికొచ్చేసరికి అమ్మ అరిసెల పాకం దగ్గర ఉంది. నాన్నగారు నా భుజాన ఉన్న సంచినే చూస్తున్నారు. కాఫీ తాగేదాకా కూడా ఆగలేదు.

ఆయన తెరిచిన మొదటి ఫైలు ఫోన్‌లో దిద్దిన ఆ పద్యం. తెరుచుకుంది. తర్వాత కొత్త పేజీ తీసి తనకు అలవాటైన పరీక్ష పెట్టారు. కీబోర్డు కొత్తగా కనిపిస్తే ఆయన ఎప్పుడూ ఇవే మాటలు కొడతారు. స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్యోత్స్న, శార్దూలం. కళ్లజోడు పైకి తోసి ఒక్కో వత్తునీ దగ్గరగా చూశారు. స్త్రీలో తవత్తు కింద రవత్తు వంపు తెగకుండా వచ్చిందా, జ్యోత్స్నలో వత్తులు ఒకదాని మీదొకటి ఎక్కాయా అని. అన్నీ సరిగ్గా ఉన్నాయి. కోహినూర్ తెలుగు ఫాంట్‌లో ఒకసారి, తెలుగు సంగం ఎంఎన్‌లో ఒకసారి చూసి, పాత ఫాంటే ఉంచమన్నారు.

"మరి దీన్ని పనికి రాదన్నారేంటమ్మా?" అన్నారు. అన్నది ఎవరో, ఎందుకో ఏవీఎక్స్2 దగ్గర్నుంచీ చెప్పాను. రొజెట్టా మూట సంగతి ఆయనకి బాగా నచ్చింది. పద్యంలో ఒక పాదం లుప్తమైతే ఇంకో తాళపత్ర ప్రతిలో వెతికి తెచ్చి పూరిస్తారు, అలాంటిదే కదా అన్నారు. నాకు ఆ పోలిక తట్టలేదు. పరిష్కర్తలు చేసే పని అది.

రాత్రి పది దాకా నోటుబుక్కులోని పద్యాలు ఎక్కించారు. పొద్దున భోగి మంట వేయడానికి నాలుగింటికే లేవాలని అమ్మ మూడుసార్లు గుర్తుచేశాక మూత వేశారు.

జనవరి 15, బుధవారం, కనుమ

రేపు నేను హైదరాబాద్ వెళ్లిపోతాను. నేను లేనప్పుడు అప్‌డేట్ వస్తే ఏం చేయాలో కాగితం మీద రాసి, లాప్‌టాప్ సంచి లోపలి జేబులో పెట్టాను. ప్రతి అప్‌డేట్ కొత్త సీలు వేసిన కొత్త సిస్టమ్ భాగాన్ని తెస్తుంది. అంటే అతికించిన డ్రైవర్లన్నీ పోతాయి, బూడిద రంగు మెనూ బార్ మళ్లీ వస్తుంది, వైఫై పోతుంది. అప్పుడు రూట్ ప్యాచ్ మళ్లీ వేయాలి. పైగా సీలు తెగిన సిస్టమ్‌కి చిన్న అప్‌డేట్ కూడా పూర్తి సైజులో, 12 జీబీకి పైగా దిగుతుంది.

కాగితం మీద మొదటి వాక్యం: ముందు లాన్ కేబుల్ పెట్టండి. రెండోది: సెకోయా అని పెద్ద అక్షరాలతో కనిపించే దాన్ని నొక్కకండి, కింద ఇతర అప్‌డేట్లు అన్నచోట సొనోమా ఉంటుంది. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేశాను. లాన్ కేబుల్ రౌటర్ నుంచి బల్ల దాకా చేరేలా గోడ వెంట మేకులు కొట్టి వేశాను. పాత హార్డ్‌డిస్క్‌ని గుడ్డలో చుట్టి బీరువాలో, దస్తావేజుల పక్కన పెట్టాం.

జనవరి 31, శుక్రవారం

సొనోమా 14.7.3 సోమవారం విడుదలైంది. రెండు రోజులు ఆగి, ఇలాంటి యంత్రాల మీద ఇబ్బందులేం లేవని చూసుకుని నాన్నగారికి చెప్పాను. నిన్న రాత్రి భోజనాలయ్యాక ఆయన మొదలుపెట్టారు. నేను ఫోన్‌లో ఉన్నాను. తెర మీద ఏం కనిపిస్తే అది క్లాసులో పాఠం చదివినట్టు చదువుతూ వచ్చారు.

దిగడానికి గంటన్నర, ఇన్‌స్టాల్‌కి ఇంకో నలభై నిమిషాలు. "బూడిద రంగులో వచ్చిందమ్మా, నువ్వు రాసినట్టే" అన్నారు. ప్యాచర్ తనంతట తనే పైకి వచ్చి ప్యాచ్‌లు వేయమంటావా అని అడిగిందట. వేయమనండి అన్నాను. పాస్‌వర్డ్ కొట్టారు. తర్వాత నేను మాట్లాడబోతే "ఆగు, ఇంకా అక్షరాలు పడుతున్నాయి" అన్నారు. అవతల నుంచి గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. అమ్మ ఇంకా పడుకోరా అని అడగడం, ఆయన అయిపోవచ్చిందనడం వినిపించాయి.

రీస్టార్ట్ అడిగింది, నొక్కారు. కాసేపటికి వైఫై గుర్తు నిండిందన్నారు. వెలుతురు కీ నొక్కి చూడమన్నాను. చూశారు, తగ్గింది. లాన్ కేబుల్ తీసేయొచ్చు అన్నాను.

"ఉండనీ, దాని దోవన అది ఉంటుంది. ఇదిగో, నిన్న తాడేపల్లిగూడెంలో ఒకాయన దగ్గర విన్న పద్యం ఒకటి ఎక్కించాలి, నువ్వు పడుకో" అని ఫోన్ పెట్టేశారు. ఇవాళ పొద్దున నా ఫోన్‌లో పేజెస్ తెరిస్తే ఆ పద్యం ఉంది, కింద ప్రతిపదార్థం, రాగం మోహన అని. ఫైలు చివరగా మార్చిన సమయం రాత్రి 12:40.